ఇరవయ్యారు గంటల మంగళవారం

ఆ వర్షాకాలం నేనొక తప్పును వెంటాడాను. పద్దెనిమిది రోజులు వెంటాడాను. అది నా భార్య లాప్‌టాప్‌లో దాక్కుందని నా గట్టి నమ్మకం.

తొలి వాన పడిన ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర నలుగురం ఉన్నాం. నేను, మా ఆవిడ, ఆరో తరగతి చదివే మా అమ్మాయి, మా మామగారు. మామగారు సర్వేయరుగా చేసి రిటైరయ్యారు, మాతోనే ఉంటారు. భూములు కొలవడం మానేశాక మనుషుల్ని కొలవడం మొదలుపెట్టారని ఆయన కూతురే అంటుంది. ఆవిడ ఆసుపత్రి లాబ్‌లో టెక్నీషియన్. ఏ సీసా ఏ నిమిషానికి వచ్చిందో, ఏ నిమిషానికి వెళ్లిందో రిజిస్టర్లో ఎక్కించకపోతే ఆవిడకు నిద్ర పట్టదు.

"లాబ్ ఇన్‌ఛార్జి పరీక్షకు పేరిచ్చాను," అంది కంచంలోకి చూస్తూనే.

"భేష్!" అన్నారు మామగారు. "ఎప్పుడే?"

"పది వారాలుంది. రోజుకు రెండు గంటలు చదివితే సరిపోతుంది. పేరిచ్చి వెళ్లకపోతే మాత్రం మూడేళ్లదాకా మళ్లీ కూర్చోనివ్వరు. ఆరో వారం శుక్రవారంలోపు పేరు వెనక్కి తీసుకుంటే ఏ గొడవా ఉండదు."

"ఇచ్చిన పేరు వెనక్కెందుకు తీసుకుంటావు?"

"ఆ రెండు గంటలు ఎక్కణ్నుంచి తేను నాన్నా?"

నేను చెయ్యి కడుక్కోకుండానే లేచాను. "దానికే కదా పనిబాట ఉంది!"

మా అమ్మాయి తాతయ్య వైపు చూసింది. తాతయ్య పైకప్పు వైపు చూశారు.

పనిబాట నేను ఆరేళ్ల కిందట రాసిన ప్రోగ్రాం. చెయ్యాల్సిన పనులు, ఎవరు చెయ్యాలో, ఎంతసేపు పడుతుందో, ఏది అయ్యాక ఏది మొదలవ్వాలో రాసుకుంటే రంగు పట్టీలుగా గీసి చూపిస్తుంది. ఉచితం. దాని లోపలి రాతంతా బయటే పెట్టాను, ఎవరైనా చూడొచ్చు, బాగుచెయ్యొచ్చు. ఎక్కడో పడవలు మరమ్మతు చేసే ఒకావిడ వాడుతుంది. ఒక లైబ్రరీవాళ్లు వాడతారు. ఒకే ఒక్క చిక్కు, అది లినక్స్ ఉన్న కంప్యూటర్లోనే నడుస్తుంది. ఎందుకంటే నా దగ్గరున్నది అదే. మాకు విండోస్ ఉంది, మాకు మ్యాక్ ఉంది, మా సంగతేమిటని ఎవరైనా ఉత్తరం రాస్తే ఆరేళ్లుగా నాది ఒకటే జవాబు. మీరే ఇటు రండి.

"అది మీ ఒక్కరి బాటండీ," అంది మా ఆవిడ. "నా లాప్‌టాప్‌లో తెరుచుకోదు, నాన్న పాత కంప్యూటర్ డబ్బాలో తెరుచుకోదు."

"నా డబ్బాని మధ్యలోకి లాగకు. అది పన్నెండేళ్లుగా ఎవరి జోలికీ పోలేదు," అన్నారు మామగారు.

"ఈ వానలు తగ్గేలోపు లినక్స్, విండోస్, మ్యాక్ మూడింట్లోనూ తెరుచుకుంటుంది," అన్నాను. "నీ రెండు గంటలూ అదే వెతికి పెడుతుంది. చూస్తుండు."

"తెరుచుకుంటే వాడతాను." ఆవిడ ఖాళీ గిన్నెలు ఒకదానిలో ఒకటి పెట్టి లోపలికి తీసుకెళ్లింది. నేను నా బల్ల దగ్గరికి వెళ్లాను.

*

నాకు తోడు దొరికింది. ఇంటర్నెట్‌లో తన పేరు పిచ్చుక అని పెట్టుకున్న ఒక సంగీతం టీచరు. ఎప్పుడూ చూసింది లేదు, గొంతు విన్నది లేదు. మ్యాక్‌లో నడిచేలా నేను చేసిపెడతానని ఏడాదిగా రాస్తూనే ఉంది. ఏడాదిగా ఆలోచిద్దాం అంటున్నాను. ఇప్పుడు సరే అన్నాను. గంటలో మొదటి ముక్క పంపింది. ఏడాది కిందటే రాసి దాచుకుందట.

ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా పని. ఆదివారాలు రోజంతా. ఒక సిస్టమ్‌లో పుట్టిన ప్రోగ్రాంని ఇంకో సిస్టమ్‌కి తీసుకెళ్లడం కాపురం మార్చడం లాంటిది. సామాన్లు అవే, తలుపులే వేరు. ఫైలు దారి చెప్పేటప్పుడు నాకు గీత ఇటు వాలితే విండోస్‌కి అటు వాలాలి. వరస ముగిసిందని చెప్పడానికి నాకు ఒక గుర్తు చాలు, దానికి రెండు కావాలి. తెలుగు అక్షరాలు నేను పెట్టిన ఫాంటు లేనిచోట బిక్కమొహాలు వేసుకుని డబ్బాల్లా కూర్చున్నాయి. ఒక్కొక్కటీ సర్దాను.

పరీక్షించే బాధ్యత మామగారిది. తన పాత కంప్యూటర్లో తెరిచి, కనిపించింది కనిపించినట్టు రిపోర్టు ఇచ్చేవారు.

"అల్లుడుగారూ, ఆగ్నేయంలో ఒక బొత్తాం సగం తెగింది."

"ఆగ్నేయమా?"

"స్క్రీనుకండీ. వాయవ్యంలో తేదీ కూడా పక్కింటి హద్దులోకి జరిగింది."

రెండు వారాలకు పనిబాట మా ఆవిడ లాప్‌టాప్‌లో తెరుచుకుంది. ఆవిడ నిలబడే చూసింది, చేతిలో తడిబట్టల బుట్టతో. ఆ వానలకు ఏ బట్టా ఆరేది కాదు. ఇంటి నిండా తాళ్లు, తాళ్ల నిండా బట్టలు.

"బాగుంది. ఇప్పుడేం రాయాలి?"

"నిజం పనులు రాయి. ఒక వారం రోజులవి. ఉత్తుత్తి పనులతో పరీక్షిస్తే తప్పులు బయటపడవు."

"అన్నీనా?"

"అన్నీ. మొదలైన టైము, ముగిసిన టైము. మీ రిజిస్టర్లాగే."

ఎవరికి చెప్పానో మర్చిపోయాను. ఆవిడ వారం రోజులూ రాసింది. ఆదివారం లాప్‌టాప్ నా ముందు పెట్టింది. రెండువందల పద్నాలుగు వరసలు. ఇంట్లో ఎవరు ఏ పని చేసినా ఎవరి పేరు వాళ్లకు ఎదురుగా ఉంది. నిద్ర కూడా వదల్లేదు.

బొత్తాం నొక్కాను. పట్టీలు గీసుకున్నాయి. నాది ఆకుపచ్చ. మామగారిది ఆకుపచ్చ. అమ్మాయిది ఆకుపచ్చ. మా ఆవిడది ఆ చివర నుంచి ఈ చివరకు ఎరుపు. మంగళవారం కింద మొత్తం చూశాను. ఇరవయ్యారు గంటల నలభై నిమిషాలు.

రోజుకు ఉన్నవే ఇరవై నాలుగు.

దొరికావు, అనుకున్నాను.

*

మొదటి అనుమానం వరస చివరి గుర్తుల మీద. రెండు గుర్తులున్నాయి కాబట్టి ప్రోగ్రాం కొన్ని వరసల్ని రెండేసిసార్లు చదువుతోందేమో. లెక్కపెట్టాను. రాసినవి రెండువందల పద్నాలుగు, చదివినవి రెండువందల పద్నాలుగు. రెండో అనుమానం గడియారం మీద. లాప్‌టాప్ గడియారాన్ని వారం రోజులు కనిపెట్టి చూశాను. అది నాకన్నా బుద్ధిగా ఉంది. అదే ఫైలును నా కంప్యూటర్లో వేశాను. ఇరవయ్యారూ నలభై. పిచ్చుకకు పంపాను. మ్యాక్‌లోనూ ఇరవయ్యారూ నలభై.

మూడు వేర్వేరు సిస్టమ్‌లు ఒకే మాట చెబుతున్నాయి. ముగ్గురు సాక్షులు ఒకే మాట చెబితే ఎవరైనా నమ్ముతారు. నేను మాత్రం ముగ్గురూ కూడబలుక్కున్నారనుకున్నాను. ఫైలు రాసేటప్పుడే లాప్‌టాప్ ఏదో తికమక చేసి ఉంటుందని, ఆ తికమక మూడుచోట్లకూ పాకిందని తేల్చుకున్నాను.

"ఆ వరసలు ఒకసారి చదివారా?" అని పిచ్చుక రాసింది.

చదవడం దేనికి? లెక్కపెట్టాను కదా. అలాగే జవాబిచ్చాను కూడా.

మూడు రోజులకొకసారి మా ఆవిడ గుమ్మంలో నిలబడి అడిగేది. "అయిందా?"

"ఇంకొక్కటే. చిన్న తప్పు. అది పోతే నీ రెండు గంటలు ఎక్కడున్నాయో ఇట్టే చెబుతుంది."

"ఊఁ," అని వెళ్లిపోయేది. పరీక్ష పుస్తకం ఫ్రిజ్ మీద ఉండేది, అట్ట వేసినది వేసినట్టే. దాని మీద మొదట అమ్మాయి రబ్బరు బ్యాండ్లు చేరాయి. తర్వాత నిమ్మకాయలు చేరాయి.

పద్దెనిమిదో రోజు, బుధవారం, నాకు ఓపిక నశించింది. ఒక్క నిబంధన రాశాను. ఏ మనిషికైనా రోజు మొత్తం ఇరవై నాలుగు దాటితే ఇరవై నాలుగు దగ్గర కత్తిరించు. బొత్తాం నొక్కాను. ఎరుపు మాయం. మూడు సిస్టమ్‌ల్లోనూ పచ్చగా, పంటచేనులా ఉంది.

సాయంత్రం ఆవిడ గొడుగు దులిపి మూలన పెట్టీపెట్టకముందే పిలిచాను. "రా, రా! అయిపోయింది!"

మామగారు, అమ్మాయి కూడా వచ్చి వెనకాల నిలబడ్డారు. ఆవిడ కుర్చీలో కూర్చుంది. పట్టీల మీద వేలు పెట్టి మెల్లగా కిందికి వచ్చింది, సీసాల మీద పేర్లు సరిచూసుకునే తీరులో.

"మంగళవారం సరిగ్గా ఇరవై నాలుగు గంటలా?"

"సరిగ్గా."

"మొన్న ఇరవయ్యారూ నలభై అన్నారు."

"అదే తప్పు. పట్టేశాను."

"మరి ఆ రెండు గంటల నలభై నిమిషాలూ ఎక్కడికి పోయాయి?"

"పోవడమేమిటి? అవి ఎక్కువొచ్చినవి. మనిషికి రోజుకు అంతకన్నా ఉండవు కదా."

ఆవిడ నా మొహంలోకి చూసింది. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"మా లాబ్‌లో రీడింగు ఎక్కువొస్తే మళ్లీ చేస్తామండీ. మళ్లీ అదే వస్తే డాక్టరుకు ఫోను చేస్తాం. రీడింగును దిద్దం."

లాప్‌టాప్ మూత నెమ్మదిగా వేసింది. లేచి ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి నిమ్మకాయలు తీసి గిన్నెలో వేసింది. "ఎల్లుండి శుక్రవారం. నా పేరు తీసేయించుకుంటాను. ఈసారికి కుదరదు." బస్సు ఇంకా రాలేదు అన్నట్టు చెప్పింది. తర్వాత బట్టలు మడతపెట్టడానికి పోయింది.

*

మామగారు గొంతు సవరించుకున్నారు.

"అల్లుడుగారూ, ఆ రెండువందల పద్నాలుగూ కాగితం మీదకు తీయండి."

"ఎందుకండీ?"

"పొలం కొలిచినప్పుడు గొలుసు ఒక లెక్క, పటం ఒక లెక్క చెబుతుందండీ. మొదటిసారి గొలుసును అనుమానిస్తాం. మూడుసార్లు కొలిచినా అదే వస్తే ఇక తప్పు పటంలోనే. మీరు మూడు గొలుసులతో కొలిచి, చివరికి పొలాన్ని కోసేశారు."

ఆరు కాగితాలు వచ్చాయి. మంగళవారం కాగితం తీసుకుని ఆయన పైకి చదవడం మొదలుపెట్టారు, హద్దులు చదివే గొంతుతో.

"అయిదుంబావు, టిఫిను మొదలు. అయిదూ ఇరవై, నిన్నటి బట్టలు ఫ్యాను కిందకు మార్చడం. అయిదున్నర, ఆయన్ని లేపడం. అయిదూ నలభై, ఆయన్ని లేపడం, రెండోసారి. అయిదూ యాభై, మూడోసారి." కళ్లద్దాల మీదుగా నన్ను చూశారు. "ఆరు, నాన్నగారి కళ్లజోడు వెతకడం, పది నిమిషాలు." కళ్లజోడు తీసి ఒకసారి చూసుకుని మళ్లీ పెట్టుకున్నారు. "నన్నూ వదల్లేదు."

"చదవండి."

"సాయంత్రం ఏడు నుంచి ఏడూ నలభై, పొయ్యి మీద కూర. ఏడూ అయిదు నుంచి ఏడూ నలభై, పాప లెక్కలు."

"రెండూ ఒకేసారి ఎలా?" అన్నాను.

"అమ్మ వంటింటి గట్టు మీద కూర్చోబెడుతుంది నన్ను," అంది మా అమ్మాయి. "గరిటెతో కొట్టివేతలు చూపిస్తుంది."

"ఏడుంబావు నుంచి ఏడున్నర," మామగారు ఆగలేదు, "ఫోన్లో లాబ్ డ్యూటీల సర్దుబాటు."

కూర, లెక్కలు, ఫోను. మూడు పట్టీలు ఒకదాని కింద ఒకటి ఒకే గంటలో ఉన్నాయి. కాగితం తీసుకున్నాను. నిద్ర ఆరు గంటలు. ఉద్యోగం, రాకపోకలు తొమ్మిది. మిగిలిన తొమ్మిది గంటల్లో పదకొండు గంటల నలభై నిమిషాల పని.

మనిషి ఒకసారికి ఒకే పని చేస్తుందన్న లెక్కతో నేను ప్రోగ్రాం రాశాను. నా పేరుకు ఎదురుగా ఏమున్నాయో వెతికాను. మూడు వరసలు. నిద్ర, ఆఫీసు, పనిబాట. ఒకసారికి ఒకటి.

ఆ సాయంత్రమే నిబంధన తీసేశాను. పిచ్చుకకు నాలుగు మాటలు రాశాను. "తప్పేమీ లేదు. ఒక మనిషి ఒకేసారి రెండు మూడు పనులు చేస్తూ ఉండొచ్చు. మొత్తాన్ని దాచకూడదు. అలా మారుస్తున్నాను."

అయిదు నిమిషాల్లో జవాబు వచ్చింది. "హమ్మయ్య. నా ఫైల్లో గురువారం ఇరవయ్యేడు ఉంది. మీరు తప్పంటుంటే బయటపెట్టడానికి మొహమాటపడ్డాను."

*

మర్నాడు అయిదింటికి లేచాను, ఎవరూ లేపకుండా. వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో తెలియక ఎనిమిది మూతలు తీశాను. ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏం చేస్తున్నారు?"

"టిఫిను."

"దేనికి?"

"తినడానికి."

నేను శుక్రవారం సంగతి ఎత్తలేదు. ఇరవై రోజులు మాటిచ్చీ మాటిచ్చీ నా దగ్గర మాటలు అయిపోయాయి. శుక్రవారం కూడా అయిదింటికే లేచాను. ఆరోజు టిఫిను అడుగంటింది. అమ్మాయి పై పొర తిని, కింది పొర నాకు వదిలి బడికి వెళ్లింది.

సాయంత్రం ఆవిడ వచ్చింది. చెప్పులు విప్పేదాకా ఆగి అడిగాను.

"వెళ్లావా? పేరు తీయించడానికి?"

"లేదు. వాన."

పరీక్షల ఆఫీసు ఆవిడ లాబ్‌కి ఎదురు గది. మధ్యలో ఉన్నది వరండా. ఆవిడ ఫ్రిజ్ మీది పుస్తకం తీసుకుని గదిలోకి వెళ్లింది.

"నాలుగు వారాలే ఉంది. ఇప్పుడు రెండు గంటలు చాలవు, మూడు కావాలి," అంది లోపల్నుంచి.

*

ఆ నాలుగు వారాల్లో మా ఇల్లు నా పాత ప్రోగ్రాంలా నడిచింది. అంటే నడిచినప్పుడు నడిచింది. లెక్కలు మామగారికి వెళ్లాయి. ఆయన మనవరాలికి భిన్నాలు నేర్పడానికి వరండా మొత్తం సుద్దముక్కతో ప్లాట్లు గీశారు. మా అమ్మాయికి మార్కులు పెరిగాయో లేదో కానీ వాటాలు పంచడం బాగా వచ్చింది. తన కళ్లజోడుకు ఆయనే తాడు కట్టుకున్నారు. వంట, బట్టలు నావి. మొదటి వారం అమ్మాయి క్యారేజీ ఆవిడకు, ఆవిడది అమ్మాయికి ఇచ్చి పంపాను. తెల్లకోటును ఎర్ర తువ్వాలుతో కలిపి ఉతికాను. ఆవిడ రెండు రోజులు గులాబీ రంగు కోటుతో రక్తపరీక్షలు చేసింది. రోగులు బాగుందన్నారట.

గది తలుపు దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగేవాణ్ని. కారం ఎంత? అది ఏ బుట్టలో? ఇది ఉతకొచ్చా? ఆవిడ పుస్తకంలోంచి తల ఎత్తకుండానే చెప్పేది. మూడోరోజు మామగారు నన్ను వరండాలోకి పిలిచారు. చేతిలో కాగితం, దాని మీద నిలువు గీతలు.

"పొద్దున్నుంచి పద్నాలుగుసార్లు అడిగారు అల్లుడుగారూ."

"తెలియకపోతే అడగాలి కదండీ."

"అడిగినంతసేపూ అది ఆమె పనే. మీరు చేతులు, అంతే." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "చెయ్యండి. చెడగొట్టండి. రేపు బాగా వస్తుంది."

ఆ రోజు నుంచి అడగలేదు. చాలా చెడగొట్టాను.

ఈలోగా పనిబాట విడుదల తేదీ దగ్గరపడింది. రెండు వారాలుగా నా బల్ల మీద ఇస్త్రీ బట్టలున్నాయి. పిచ్చుక రాసింది, "కనిపించడం లేదు. అందరూ బాగున్నారా? పడవలావిడ రోజూ అడుగుతోంది." కాస్త ఆలోచించాను. ఆరేళ్లుగా విడుదల చేసే తాళం, అంటే పాస్‌వర్డు, నా ఒక్కడి దగ్గరే ఉంది. ఎవరికీ ఇవ్వలేదు. ఎవరైనా పాడుచేస్తారేమోనని భయం.

కుక్కరు కూత వేసింది. లేచి మంట తగ్గించి వచ్చి తాళం పంపాను. "విండోసుదీ మీరే తయారుచెయ్యండి. మొత్తం మూడూ మీరే వదలండి. పాడైతే పాడవుతుంది. మళ్లీ బాగుచేద్దాం."

మూడు సిస్టమ్‌లకూ పనిబాట ఒక ఆదివారం మధ్యాహ్నం విడుదలైంది. నేను అప్పుడు బట్టలు ఆరేస్తున్నాను. మేఘాలు విడడంతో చాలా రోజులకు బయట తాడు కట్టాను. విడుదలైన సంగతి నాకు సాయంత్రం తెలిసింది. దాన్ని సర్దినవాళ్ల పేర్లలో పిచ్చుక తన పేరు ముందు పెట్టుకుంది, నాది తర్వాత పెట్టింది. మూడో పేరు మామగారిది. పని అన్న గడిలో "హద్దుల పరిశీలన" అని రాసింది. ఆయన దాన్ని అచ్చు తీసి గోడకు అంటించుకున్నారు.

*

పరీక్ష ఆదివారం. మూడు గంటల పరీక్ష. ముగిసే వేళకు నేను గేటు బయట నిలబడ్డాను. రోడ్డు మీద గుంటల్లో నీళ్లు ఉన్నాయి కానీ పైన ఆకాశం తేటగా ఉంది. గంట కొట్టారు. జనం బయటికి వచ్చారు. కొందరు జవాబులు అప్పుడే పోల్చుకుంటూ, వేళ్లతో గాలిలో రాసుకుంటూ వస్తున్నారు. ఆవిడ చివరి గుంపులో వచ్చింది. తెల్లకోటు వేసుకునే అలవాటుకేమో, చేతులు జేబుల కోసం వెతుక్కుంటున్నాయి.

ఎలా రాశావని అడగాలనిపించింది. ఊరుకున్నాను. ఇద్దరం గుంటలు తప్పించుకుంటూ బస్టాపు దాకా నడిచాం. అక్కడ బెంచీ మీద కూర్చుని రెండు కాళ్లూ ముందుకు చాపింది.

"ఆకలేస్తోంది," అంది. "ఇంట్లో ఏముంది?"

మా పెళ్లయి పదమూడేళ్లు. ఆ ప్రశ్న ఆవిడ అడగడం నేను ఎప్పుడూ వినలేదు. అడిగేది ఎప్పుడూ నేనే, చెప్పేది ఆవిడ.

"అన్నం ఉంది. పప్పుంది," అన్నాను. "బీన్స్ కూర చేశాను. కొంచెం ఉప్పెక్కువైంది. పెరుగు మాత్రం బాగా తోడుకుంది."

"సరే," అని ఆవిడ కళ్లు మూసుకుని వెనక్కి వాలింది. బస్సు కోసం నేను చూశాను.